మామ చేతి చాకు

మా ఇళ్లల్లో మగవాడు తలపాగా మరిచిపోయి గడప దాటుతాడేమో గానీ, చాకు లేకుండా దాటడు. గొర్రెలు కాసే కులం మాది. గిట్ట పెరిగితే చెక్కాలి, ముల్లు దిగితే తీయాలి, అడవిలో గొర్రె ఈనితే పిల్ల బొడ్డు కోయాలి. పొద్దున లేచి రొండిన మడత చాకు దోపుకోవడం మాకు ముఖం కడుక్కోవడంతో సమానం.

నాకు మాత్రం ఒక్క చాకు సరిపోయేది కాదు. పుర్రెకో బుద్ధి. సూర్యాపేట సంతకు పొట్టేళ్లను తోలుకుపోతే ఒక చాకుతో తిరిగి వచ్చేవాణ్ని. అక్కడివి కొమ్ము పిడివి, చేతికి బరువుగా ఉండేవి. కోదాడ సంతలో ఇత్తడి రేకు తాపిన పిడి దొరికేది, బెజవాడ దారి కాబట్టి వాటికి కొంచెం సోకెక్కువ. మిర్యాలగూడ వైపు చండ్ర కర్ర పిడివి. నాకు ఇరవై ఆరేళ్లు వచ్చేసరికి ఇంట్లో పదకొండు చాకులు పోగయ్యాయి. ఒక్కోదాన్ని విడిగా గుడ్డలో చుట్టి, వారం వారం ఆముదం రాసేవాణ్ని. రోజుకొకటి మార్చి రొండిన పెట్టుకునేవాణ్ని.

"పెండ్లాం చీర సూడు, పీలికలైంది. చాకులకు మాత్రం అంగీలు కుట్టిపిస్తవ్" అని మా ఇంటామె దెప్పేది. ఆమె అన్నది అబద్ధం కాదు.

ఆ పదకొండింటిలో నాలుగు ఒక్క మనిషి చేసినవి. నేరేడుచర్ల దగ్గర పల్లెలో కొలిమి నడిపే కమ్మరి ఆయన. కులం వేరైనా వరస కలుపుకున్నాం, నేను మామా అనేవాణ్ని, ఆయన అల్లుడా అనేవాడు. ఆయనది ఎడమచేతి వాటం. చాకు తెరవడానికి గోరు పెట్టే గాడి ఉంటుంది చూడండి, అది అందరి చాకులకూ ఒకవైపు ఒరిగితే ఆయన చాకుకు అవతలి వైపు ఒరిగి ఉండేది. ఇంకో గుర్తు మూసేటప్పుడు తెలిసేది. వేరేవాళ్ల చాకు టక్కుమని మూసుకుంటుంది. ఆయన చాకు చివరి గోరంత దూరం తానే లోపలికి పోయి, చప్పుడు లేకుండా పడుకుంటుంది. ఈ రెండు సంగతులూ సంతలో ఎవరికీ పట్టేవి కావు. కూర తెగిందా లేదా అన్నదే వాళ్లకు కావాలి.

"నా పని సూసి పోల్చెటోడివి నువ్వొక్కడివే దొరికినవ్ అల్లుడా" అనేవాడు మామ. ఆ మాట వినడానికే నేను పని లేకపోయినా నేరేడుచర్ల దాకా నడిచేవాణ్నని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. పొగడ్తకు పడిపోయేవాడికి పగవాడు వేరే అక్కర్లేదు.

కాలం అప్పటికే బాగాలేదు. ముందు వచ్చి ఇళ్లు తగలబెట్టిన నవాబు మనుషులకు భయపడ్డాం. వాళ్లు పోయాక మిలిటరీ వచ్చింది, దానికీ భయపడ్డాం. మిలిటరీ వాళ్లు దొరల మీద తిరగబడిన సంఘం మనుషుల కోసం వెతికేవాళ్లు, సంఘానికి అన్నం పెట్టినవాళ్ల కోసం వెతికేవాళ్లు. సంత సగానికి సగం పలచబడింది. దారిలో ఎదురైన మనిషిని "ఎటు పోతున్నవ్" అని అడగడం మానేశారు జనం. అడిగితే తెలుస్తుంది, తెలిస్తే రేపు చెప్పమంటారు. హాలియా దారిలో ఒక దొర మనిషిని ఎవరో పొడిచి చంపారని విన్నప్పుడు కూడా, ఎవరు, ఎందుకు అని మా ఊళ్లో ఒక్కరూ నోరు విప్పలేదు.

వారం తిరగకుండానే డప్పు మోగింది.

"చాకు కాడికెల్లి గొడ్డలి దాకా ఇంట్ల ఏ ఆయుధమున్నా సూర్యాపేట క్యాంపుల ఒప్పజెప్పాలెనహో! దాసినోళ్ల ఇల్లు మిగలదహో!"

పక్కింటివాడు తన చాకును బావిలో వేశాడు. వాణ్ని చూసి ఇంకొకడు వేశాడు. రెండు రోజుల్లో కమ్మరి కొలిమిలో లేని ఇనుము మా బావిలో చేరింది.

"నువ్వు గూడ బాయిల ఎయ్యి, పీడ వోతది" అన్నది మా ఇంటామె.

"బాయిల ఎయ్యనీకా ఇన్నేండ్లు కూడబెట్టింది?"

"అయితే పోయి ఇచ్చి రా. ఇచ్చి నోరు మూసుకొని రా. అడగని ముచ్చట చెప్పకు. నీ సంగతి నాకెరుక, చాకు కనబడితే నీకు ఒళ్లు తెల్వదు."

అంత తేటగా చెప్పింది ఆమె. అయినా నేను విన్నది ఎక్కడ?

క్యాంపు ఒక పాత మిల్లు ఆవరణలో పెట్టారు. గేటు లోపల కొడవళ్లు, గొడ్డళ్లు, పారలు కుప్పగా పడి ఉన్నాయి. జనం వరసలో నిలబడి తెచ్చింది తెచ్చినట్టు విసిరేసి పోతున్నారు. ఒక్కరూ తల ఎత్తడం లేదు. నా వంతు వచ్చింది. నేను విసరలేకపోయాను. మూట విప్పి, ఒక్కో గుడ్డ తీసి, ఒక్కోదాన్నీ కుప్ప పక్కన వరసగా పేర్చడం మొదలుపెట్టాను. అది చూసి వరండాలో కూర్చున్న ఆఫీసరు నన్ను రమ్మని చెయ్యి ఊపాడు.

నాకు నాలుగో తరగతి దాకా ఉర్దూ చదువు ఉంది. అతను అడిగింది అర్థమైంది, జవాబూ చెప్పగలిగాను. మా ఊరివాళ్లంతా చూస్తుండగా ఒక ఆఫీసరుతో ఉర్దూలో మాట్లాడుతున్నానని నా ఛాతీ రెండంగుళాలు పొంగింది. చాకు ఇమ్మని అతను చెయ్యి చాపితే, చేతికి ఇవ్వకుండా బల్ల మీద పెట్టాను. ఎందుకని అడిగాడు.

ఇనుము చేతికి చేతికి ఇచ్చుకుంటే పగ పుడుతుందని మా వైపు నమ్ముతారని చెప్పాను. నవ్వాడు. కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు. ఇది ఎక్కడిది, ఇది ఎక్కడిది అంటూ ఒక్కోటీ అడిగాడు. నేను చెప్పుకుంటూ పోయాను. కొమ్ము పిడి సూర్యాపేట, ఇత్తడి పిడి కోదాడ. పిడి చూడకుండా, కళ్లు మూసుకుని, మూసిన చప్పుడు విని కూడా చెప్పగలను అన్నాను. అతను నిజంగానే నా కళ్లు మూయించి నాలుగు చాకులు మూసి వినిపించాడు. నాలుగూ సరిగ్గా చెప్పాను. చుట్టూ ఉన్న సిపాయిలు శభాష్ అన్నారు.

అప్పుడు అతను బల్ల సొరుగు లాగి ఇంకో చాకు తీసి తిన్నగా నా చేతిలో పెట్టాడు. నేను అందుకున్నాను. పిడి సందులో నల్లగా ఏదో ఎండి ఉంది. బొటనవేలు గాడి వెతుక్కుంది. తెరిచాను, మూశాను. చివరి గోరంత దూరం అది తానే లోపలికి పోయి పడుకుంది. ఎక్కడో తెలియని చోట సొంత మనిషి కనబడినంత సంతోషం కలిగింది నాకు. ఏం చేస్తున్నానో ఆలోచించలేదు.

"ఇది మా మామ పని" అన్నాను.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. మామ అంటే ఎవరు, ఏ ఊరు అని అతను చాలా మెల్లగా అడిగాడు. నా చేతిలో ఉన్నది హాలియా దారిలో దొరికిన చాకు అని అప్పటికి గానీ తట్టలేదు. నేను చెప్పనంటే మా ఇంటామెను పిలిపిస్తానన్నాడు. చెప్పాను. ఆ చాకు సంతలో అమ్మింది, ఎవరు కొన్నారో ఆయనకేం తెలుసు అని వంద సార్లు అన్నాను. అతను తల ఊపి, చాయ్ తాగమన్నాడు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా నన్ను ఆ కుర్చీలోంచి లేవనివ్వలేదు. మామ ఊరికి జీపు మాత్రం ఎప్పుడో వెళ్లిపోయింది.

మామను హెచ్చరించాలని నేరేడుచర్ల దారి పట్టాను. దొరికిన చోట బండి ఎక్కాను, మిగతాది నడిచాను. మర్నాడు నేను చేరేసరికి కొలిమి చల్లగా ఉంది, తిత్తి నేలమీద బోర్లా పడి ఉంది. ఆయన భార్య, నేను అత్తా అని పిలిచే మనిషి, అరుగు మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు.

"మంచిగ వచ్చినవ్ అల్లుడా" అన్నది. "నీకు ఉర్దూ వస్తది గద. నన్ను క్యాంపుకు తోల్కపో. ఆయన అసుమంటోడు కాదని నువ్వే చెప్పు."

నేను నిజం చెప్పలేదు. ఆమెతో పాటు వెనక్కి బయల్దేరాను. దారి పొడుగునా నేను అవీ ఇవీ వాగుతూనే ఉన్నాను, ఆగితే అసలు మాట బయటపడుతుందన్న భయంతో.

గేటు దగ్గర చాలామంది ఆడవాళ్లు సద్ది మూటలు పట్టుకుని నిలబడి ఉన్నారు. సిపాయి ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదు. నన్ను చూడగానే నవ్వి, చాకులాయన అని పక్కవాడికి చూపించి, గేటు తీసి పట్టుకున్నాడు. అంతమంది ఆడవాళ్లూ నా వైపు తిరిగారు. నేను ఇక దాచలేకపోయాను.

"అత్తా, మామను పట్టిచ్చింది నేనే."

"ఎరుకే" అన్నది ఆమె. "జీపు ఎక్కంగనే చెప్పిండు, నా చాకును పోల్చెటోడు ఒక్కడే ఉన్నడని. అందుకే నిన్ను తోల్కొచ్చిన. పట్టిచ్చినోడివి నువ్వు, ఇడిపిచ్చెటోడివి నువ్వు. లోపలికి పో."

పోయాను. మొన్న పొరబడ్డాను, అది మా మామ పని కాదు అన్నాను ఆఫీసరుతో. కళ్లు మూసుకుని నాలుగు చెప్పినవాడివి కళ్లు తెరిచి ఎలా పొరబడ్డావని అడిగాడు. మామది కాకపోతే ఎవరిదో చెప్పమన్నాడు. ఒక పేరు ఇస్తే ఒక మనిషిని వదులుతానన్నాడు. గోడ అవతల ఎవరినో కొడుతున్న చప్పుడు వినబడుతోంది. అది మామేనేమో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

నాకు కోదాడ ముసలాయన గుర్తొచ్చాడు. ఇత్తడి పిడులు చేసిన మనిషి. పోయిన వానాకాలంలో చనిపోయాడు. చచ్చినవాణ్ని ఎవరేం చేస్తారు? కోదాడ ముసలాయనది కూడా ఎడమచేతి వాటమే అన్నాను. అది పచ్చి అబద్ధం. వాళ్ల దగ్గరే ఉన్న నా మూటలోంచి ఆయన చాకు తీసి, గాడి అటు ఒరిగినట్టు తిప్పి పట్టి చూపించి, బొటనవేలు అడ్డుపెట్టి చప్పుడు లేకుండా మూసి, ఈ రెండూ ఒక్క చెయ్యే అని ఒప్పించాను. నాకు తెలిసిన విద్యంతా ఆ అబద్ధానికి ధారపోశాను. ఆయన చనిపోయిన సంగతి మాత్రం చెప్పలేదు. అంత తెలివిగా గట్టెక్కానని లోలోపల మురిసిపోయాను కూడా.

అత్తా నేనూ గేటు బయటే కాచుకున్నాం; ఆ తర్వాత మూడో రోజు పొద్దున మామను వదిలారు. ఎడమ చెయ్యి ఉబ్బిపోయి, వేళ్లు ముడుచుకోవడం లేదు. అత్త ఆ చేతిని తన కొంగులో పెట్టుకుంది. ఆయన నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. తిడతాడేమో, తిడితే బాగుండు అనుకున్నాను.

"నా బదులు ఎవలిని ఇచ్చినవ్?" అన్నాడు.

"ఎవలిని లే మామా. కోదాడ ముసలాయన పేరు చెప్పిన. సచ్చిపోయిండు గద."

"వాని కొలిమి సచ్చిపోయిందారా?" అన్నాడు మామ.

అంతలోనే రోడ్డు మీద జీపు మలుపు తిరిగింది. వెనక సీటులో చేతులు కట్టేసి కూర్చోబెట్టిన మనిషి నా ఈడువాడు. ముసలాయన కొడుకు. తండ్రి పోయాక ఆ కొలిమి నడుపుతున్నవాడు. కిందటి నెల సంతలో నా చాకుకు ఊరికే సాన పట్టి ఇచ్చినవాడు. గేటు దగ్గర జీపు నెమ్మదించగానే నన్ను చూశాడు. అతని ముఖం ఒక్కసారిగా వెలిగింది.

"అన్నా! దేవుడల్లే కనిపించావు. మా ఇంటి చాకు నీకు తెలియనిదా? ఒక్క మాట వీళ్లతో చెప్పన్నా!"

జీపు లోపలికి పోయింది. సిపాయి నేను వస్తానేమోనని గేటు మూయకుండా పట్టుకున్నాడు. నేను కదలలేదు. పోతే ఆఫీసరు మళ్లీ ఒక పేరు అడుగుతాడు. మామా, అత్తా నా కోసం ఆగకుండా రోడ్డు దాటి వెళ్లిపోయారు. సిపాయి కాసేపు చూసి గేటు వేసుకున్నాడు.

కోదాడ సంతకు ఆ తర్వాత నేను పోలేదు. అతను ఇల్లు చేరాడో లేదో ఎవరినైనా అడిగితే తెలిసేదే. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు.