కొండ దిగేటప్పుడు బిగిసిన బ్రేకు

2021 వేసవి. కొత్తకోటలో హైవే పక్కన నా మెకానిక్ షెడ్డు. లారీల మధ్య పాత కార్లు కూడా నా దగ్గరికి వస్తుంటాయి. తిట్టుకుంటూ అయినా వాటితో కూర్చునే ఓపిక నాకొక్కడికే ఉందని ఊళ్ళో పేరు.

ఆ రోజు పెద్దమందడి నుంచి రహీం భాయ్ తన పాత పెట్రోల్ అంబాసిడర్ తెచ్చాడు. పక్క సీట్లో ఆయన భార్య జైనబీ. అమ్రాబాద్‌లో ఉన్న వాళ్ళ కూతురికి ఏడో నెల. తొలి కాన్పుకి ఆదివారం పుట్టింటికి తీసుకురావాలి. కిందటి వారం ఆమెను చూసి వస్తుంటే, ఘాట్ మలుపులో బ్రేకు పెడల్ రాయిలా బిగిసిపోయిందట.

"రెండు కాళ్ళు పెట్టి తొక్కితే గోడకాడ ఆగింది. ఇద్దరు మేస్త్రీలకు చూపిచ్చిన. మంచిగనే ఉందంటున్రు," అన్నాడు రహీం భాయ్.

ఈ కారులో మన కాలి బలానికి తోడుగా బూస్టర్ అనే గుండ్రటి డబ్బా ఉంటుంది. ఇంజన్ గాలి పీల్చుకునేటప్పుడు పుట్టే వాక్యూమ్ ఒక పైపు గుండా దానికి అందుతుంది. అది అందకపోతే పెడల్ బిగుస్తుంది. దీనికి తేలికైన పరీక్ష ఉంది. ఇంజన్ ఆపి పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేయాలి. పెడల్ కాస్త కిందికి జారితే బూస్టర్ బాగున్నట్టు. చేశాను. జారింది. పైపు సంగతి అడిగితే రహీం భాయ్ ఛాతీ విరిచాడు.

"పైపుతోని పరేషాన్ లేదు. పాతది పగిలితే నేనే కొత్తది ఏసిన."

"అయితే బండికేం లేదు భాయ్. ఘాట్ల భయపడి ఉంటవ్," అన్నాను.

జైనబీకి చిర్రెత్తింది. "భయం గాదు మేస్త్రీ. తొక్కినప్పుడల్లా కాళ్ళకాడ ఉస్సుమని గాలి సప్పుడైతది. కొండ దిగేటప్పుడు గా సప్పుడు బందైంది, గప్పుడే గట్టివడ్డది. నిలవెట్టి జూస్తే నీకేం తెలుస్తది? నా బిడ్డను ఎక్కించే ముందు నువ్వెక్కు."

బండి తాళాలు అందుకున్నాను. మిట్టమధ్యాహ్నం ముగ్గురం హైవే మీద చాలా దూరం పోయి వచ్చాం. నేనే నడిపాను. ఇంజన్ బాగా కాగింది. షెడ్డు దగ్గర యాక్సిలరేటర్ వదిలి వరసగా బ్రేకు తొక్కుతుంటే, "ఇను, సప్పుడు పోయింది," అంది ఆమె. మళ్ళీ తొక్కేసరికి పెడల్ బిగిసింది.

హ్యాండ్ బ్రేకు లాగి, ఇంజన్ ఆపకుండానే బానెట్ ఎత్తాను. బూస్టర్ పైపు ఎండిన చిక్కుడుకాయలా అతుక్కుపోయి ఉంది. ఇంజన్ ఆపాను. మా కళ్ళ ముందే అది మెల్లగా ఉబ్బి గుండ్రంగా అయింది. ఆపి చూసినవాళ్ళకి ఎందుకు దొరకలేదో అప్పుడర్థమైంది.

"భాయ్, ఇదేం పైపు?"

"చేన్ల మందు గొట్టే స్ప్రేయర్ది. మస్తు గట్టిగుంటది గదా."

గట్టిదే. కానీ లోపలి నుంచి బయటికి తోసే ఒత్తిడికి చేసింది. ఇక్కడేమో ఇంజన్ దాన్ని లోపలికి పీలుస్తుంది. చల్లగా ఉన్నంతసేపు ఓర్చుకుంది. వేడికి మెత్తబడ్డాక, యాక్సిలరేటర్ వదిలి కొండ దిగేటప్పుడు ఆ పీల్పు బాగా పెరిగి పైపు లోపలికి అతుక్కుపోయింది. మా వైపు ఏది చెడినా పొలం సామానుతో అతుకు వేసుకోవడం మామూలే. నా స్కూటర్ సీటుకి యూరియా సంచి తొడిగి ఉంది, ఇక ఆయన్ని తిట్టే నోరు నాకెక్కడిది? లోపల అల్లిక ఉన్న అసలైన వాక్యూమ్ పైపు తెప్పించి వేశాను. మళ్ళీ అదే ఎండలో ముగ్గురం తిరిగొచ్చాం. బూస్టర్‌కి వాక్యూమ్ అందుతోందని చెప్పే ఆ ఉస్సుమనే చప్పుడు ఆగలేదు, పెడల్ బిగియలేదు.

ఆదివారం సాయంత్రం ఫోన్ వచ్చింది. "మేస్త్రీ, ఘాట్ దిగినం. బిడ్డ ఎనకాల పండుకుంది. జర ఇను," అని జైనబీ ఫోన్‌ను పెడల్ దగ్గర పెట్టింది. ఉస్స్... ఉస్స్...

ఆ రోజు ఆమె నా మాట నమ్మి వెళ్ళిపోయి ఉంటే, అదే పైపుతో ఆ గర్భిణిని ఎక్కించుకుని కొండ దిగేవాళ్ళు. జైనబీకి నేను జీవితాంతం రుణపడి ఉంటాను. ఇప్పుడు ఏ బండి వచ్చినా అది మొరాయించిన తీరులోనే నడిపి చూస్తాను. డ్రైవర్ చెప్పింది విన్నాక, పక్క సీటు వైపు తిరిగి అడుగుతాను: "నీకేం వినవడ్డదమ్మా?"