ఈశాన్యం మూల ఆర్డర్ బటన్

2023 ఎండాకాలం. చిక్కడపల్లిలో మా ఫ్లెక్స్ షాపు. పెళ్లి బ్యానర్లు, కోచింగ్ సెంటర్ల బోర్డులు, విజిటింగ్ కార్డులు మా ప్రధాన వ్యాపారం. వాటితోపాటు చిన్న దుకాణాలకు వెబ్‌సైట్లు కూడా చేసి ఇస్తాను. ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. చూసి, చెడగొట్టి, బాగుచేసి నేర్చుకున్నాను. నాకు నిజంగా వచ్చిన విద్య లెక్క. గోడ చూస్తే చదరపు అడుగులు నోటికొస్తాయి. లెక్కకు లొంగని దేన్ని చూసినా నాకు కాస్త అనుమానమే.

ఒక మంగళవారం స్రవంతి వచ్చింది. సూర్యాపేట పక్క ఊరు, అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్న అమ్మాయి. ఎప్పుడూ అప్లికేషన్ ఫొటోల కోసం వచ్చేది. ఆ రోజు సంచీ నిండా ఇన్‌స్టిట్యూట్ల కరపత్రాలతో వచ్చింది.

"అన్న, నేను వెబ్ డిజైన్ నేర్చుకుంట. వీట్ల ఏది మంచిదో జర చెప్పున్రి."

"గ్రూప్స్ మానేశావా?"

"రెండుసార్లు రాసిన. నేను దాని దిక్కు చూసిన గని అది నా దిక్కు చూడలే. నాయిన ఆదివారం వస్తుండు. అప్పటికి ఏదన్న పనికొచ్చేదాంట్ల చేరకుంటే సామాను కట్టుకొని ఊరికి పోవుడే."

అలా చెబుతూనే కుర్చీలో కూర్చుని అడిగింది. "దీనికి పాత ప్రశ్నపత్రాలు దొరుకుతయా? బిట్లెన్ని వస్తయి?"

"దీనికి పరీక్ష ఉండదమ్మా."

"మరి పాసైనమని ఎట్ల తెలుస్తది?"

నేను కరపత్రాలు నా వైపు లాక్కున్నాను.

అశోక్‌నగర్‌లో ఒక అలవాటుంది. ఏ కోచింగ్‌లో చేరాలన్నా ముందు డెమో, అంటే ఉచితంగా చెప్పే మొదటి రోజు క్లాసు, విని చూస్తారు. స్రవంతి ఆ పద్ధతిలోనే వెబ్ డిజైన్ డెమోలన్నీ తిరిగొచ్చింది. ప్రతిచోటా మొదటి రోజు పాఠం ఒకటే. హెచ్‌టిఎంఎల్, అంటే పేజీలో ఏది శీర్షికో ఏది బొమ్మో కంప్యూటర్‌కు చెప్పే గుర్తుల భాష. అందులో సొంత పేరును ఎర్ర అక్షరాలతో తెర మీదకు తెప్పించడం.

"నా పేరు ఎర్రగ రాసుడు మాత్రం నాకు మస్తు వచ్చన్న," అంది.

నేను నాకు తెలిసిన పని చేశాను. పట్టిక గీశాను. దూరం, కంప్యూటర్లు, బ్యాచ్ సైజు, విద్యార్థుల ప్రాజెక్టులు, ప్లేస్‌మెంట్, అంటే ఉద్యోగం చూపిస్తామన్న హామీ. ఒక్కోదానికి పదేసి మార్కులు. నారాయణగూడలోని ఒక పెద్ద ఇన్‌స్టిట్యూట్ మొదట నిలిచింది. బాగ్ లింగంపల్లిలో టైలర్ షాపు మీద ఒక గదిలో క్లాసులు చెప్పే సబిహా మేడమ్ చిట్టచివర మిగిలింది. అక్కడ ఏసీ లేదు, హామీ లేదు. కరపత్రం కూడా జిరాక్స్ కాపీయే.

బుధవారం నేనూ స్రవంతీ నారాయణగూడ వెళ్లాం. టై కట్టుకున్న కౌన్సెలర్ మమ్మల్ని చల్లటి గదిలో కూర్చోబెట్టి, గోడ మీది పెద్ద తెర వెలిగించాడు. "ఇవన్నీ మా స్టూడెంట్స్ ప్రాజెక్టులు సార్."

మూడోది తెర మీదకు రాగానే నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను. అది చిక్కడపల్లి రాజ్యలక్ష్మిగారి పచ్చళ్ల షాపు వెబ్‌సైట్. చేసింది నేను. అందులో అనుమానానికి చోటే లేదు. తెర పైభాగం ఉత్తరమనుకొని ఆవిడ నాతో వాస్తు ప్రకారం చేయించిన పేజీ అది. ఆర్డర్ బటన్ ఈశాన్యంలో, ఎర్ర మిరపకాయల బొమ్మ ఆగ్నేయంలో, అన్నిటికన్నా పెద్ద జాడీ బరువు కోసం నైరుతిలో.

"బటన్ ఆ మూలకెందుకు పెట్టిన్రు సార్?" స్రవంతి అడిగింది.

"ఇంటర్నేషనల్ స్టాండర్డ్ మేడం. కస్టమర్ కన్ను మొదట అక్కడే పడుతుంది."

"ఆ స్టూడెంట్ ఎవరండీ?" అన్నాను నేను.

"ఇప్పుడు బెంగళూరులో ఉన్నాడు సార్. మంచి ప్యాకేజీ."

వేళ్లకు ఫ్లెక్స్ గమ్ అంటుకొని ఉన్న ఆ బెంగళూరు మనిషి అతని ఎదురుగానే కూర్చున్నాడని చెప్పాలనిపించలేదు. అంత మంచి ప్యాకేజీ నాకెప్పుడూ రాలేదు, దాన్నెందుకు పోగొట్టుకోవడం?

బయటికొచ్చాక సంగతి చెబితే స్రవంతి బండి సీటు పట్టుకుని నవ్వింది. "మరి మీ పట్టికల ఫస్ట్ ర్యాంకు వీళ్లదే గదన్న!"

"ప్రాజెక్టులకు పదికి పది వేశానమ్మా. కరపత్రంలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాను గాని తెరిచి చూడలేదు."

కాసేపటికి నవ్వు ఆపి ఆమే అంది. "అన్న, మొదటి రోజు అందరు మంచిగనే చెప్తరు. డెమో వద్దు. నడిమిట్ల నడుస్తున్న క్లాసుల పావుగంట కూసుంటనని అడుగుదం."

మళ్లీ లోపలికెళ్లి అడిగాం. పాలసీ ఒప్పుకోదన్నారు. గురువారం, శుక్రవారం మిగతావాళ్లనూ అడిగాం. ఒకరు బ్యాచ్ నిండిందన్నారు. ఇంకొకరు "నడిమిట్ల ఏముంటది మేడం, చూసేటందుకు?" అన్నారు. ఆ మాట మాత్రం నిజమే అయ్యుంటుంది. శుక్రవారం సాయంత్రానికి స్రవంతి మొహంలో నవ్వు లేదు. సామాను కట్టడానికి తాడు కావాలని మా షాపులో అడిగింది. రేపు చూద్దామన్నాను.

శనివారం చివరి ర్యాంకు దగ్గరికి వెళ్లాం. సబిహా మేడమ్ తల కూడా ఎత్తకుండా అంది. "కూసో. గాని ఉత్తగ కూసోనియ్య, పని చెయ్యాలె. నీకు తెలిసిన పేజీ ఒకటి తెరువు."

స్రవంతి నా వైపు చూడకుండా పచ్చళ్ల పేజీ తెరిచింది.

"ఎవరు చేసిన్రు ఇది?"

"బెంగళూరుల ఒకాయన మేడమ్."

క్లాసంతా ఆ పేజీ మీద పడింది. ఫోన్లో పట్టుకుంటే బటన్‌కు బొటనవేలు అందడం లేదని ఒకరు, కిందికి జరిపితే బటనే మాయమవుతోందని ఒకరు. "ఈ బెంగళూరాయన ఫోన్ రెండు చేతులతోని పట్టుకుంటడేమో," అన్నారు ఇంకెవరో. నేను వెనక బెంచీలో కూర్చుని ఫ్యాను రెక్కలు చూశాను. మేడమ్ దారి చూపిస్తూ ఉంటే, పక్కవాళ్లు తప్పులు పడుతూ ఉంటే, స్రవంతి ఆ పేజీ నకలు మీద బటన్‌ను అడుగుకు, సరిగ్గా బొటనవేలి కిందికి తెచ్చింది. పావుగంట అనుకున్నది సాయంత్రమైంది. ఎర్రగా పేరు రాసే అవసరం ఎవరికీ రాలేదు.

ఆదివారం వాళ్ల నాన్న మల్లయ్యగారు మా షాపుకే వచ్చారు. వ్యవసాయం చేసే మనిషి. బల్ల మీద చెయ్యి వేసి సూటిగా అడిగారు. "ఇదేం కొలువు బిడ్డా? బటన్లు పెట్టుడా?"

మార్చిన పేజీ చూపిద్దామని నేను పిలిపించిన రాజ్యలక్ష్మిగారు అదే సమయానికి వచ్చి, అది చూసి గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "అబ్బాయ్! ఆర్డరు తీసుకెళ్లి దక్షిణాన, యముడి దిక్కున పెట్టావా?"

స్రవంతే ముందుకొచ్చింది. "పిన్నిగారూ, ఈ ఫోన్ పట్టుకోన్రి. ఇప్పుడు మీరు ఎటు చూస్తున్నరు?"

"పడమర."

"అంటే ఫోన్ పైభాగం పడమర. మీ ఈశాన్యం మూల ఇప్పుడు వాయవ్యమైంది. కిందున్న బటన్ తూర్పైంది."

రాజ్యలక్ష్మిగారు ఫోన్‌తో సహా ఒకసారి గుండ్రంగా తిరిగారు. మల్లయ్యగారు బయటికి వెళ్లి ఎండ చూసొచ్చి తీర్పు చెప్పారు. "ఖరే అమ్మా. పొద్దు పొడిచేది గిటే."

"అయితే కొనేవాళ్లంతా పడమరకు తిరిగి నొక్కాలన్నమాట," అన్నారావిడ. "ఆ సంగతి పేజీ మీద రాయి అమ్మాయ్."

స్రవంతి రాసింది. నేను ఆ పేజీని పాతదాని స్థానంలోకి ఎక్కించాను. మల్లయ్యగారు పడమరకు తిరిగి నిలబడి, బటన్ మీద బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కారు. రాజ్యలక్ష్మిగారి చేతిసంచీలో ఫోన్ మోగింది. ఆవకాయ ఆర్డర్.

"ఇది నువ్వు చేసినవా బిడ్డా?"

"గా ఒక్క బటనే నాయినా. మిగిలింది బెంగళూరాయన చేసిండు."

ఆయన సాయంత్రం బస్సుకు ఒక్కరే వెళ్లారు. నేనిచ్చిన తాడుతో ఆవకాయ సీసా కట్టించుకున్నారు.

సోమవారం స్రవంతి సబిహా మేడమ్ దగ్గర చేరింది. ఇప్పుడు హిమాయత్‌నగర్‌లో ఒక ఆఫీసులో డిజైనర్. ఏ కోర్సు మంచిదని నన్ను ఇప్పటికీ పిల్లలు అడుగుతారు. నేను పట్టిక గీయడం లేదు. నడుమ నడుస్తున్న క్లాసులో కూర్చోనిస్తారేమో అడిగి చూడండి, తప్పులు అక్కడే కనిపిస్తాయి, నేర్చుకోవడమూ అక్కడే జరుగుతుంది అని చెబుతాను. పడమరకు తిరగమన్న వాక్యం ఆ పేజీ మీద ఇంకా ఉంది. దానివల్ల ఆర్డర్లు పెరిగాయో తగ్గాయో లెక్క తీయమని రాజ్యలక్ష్మిగారు అడుగుతూనే ఉన్నారు. జీవితంలో మొదటిసారి ఒక లెక్క తీయకుండా వదిలేశాను.