ఊదుబత్తి చేయని నేరం

బహ్రెయిన్‌కు కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో నాకు అన్నం కంటే ముందు ఫోన్ గుర్తొచ్చేది. అరాద్‌లో మా క్యాంపు గదిలో ఆరుగురం ఉన్నా, నాకు తోడు అదొక్కటే. డ్యూటీ నుంచి రాగానే అందులో ఇంటి ఫోటోలు చూసుకునేవాణ్ణి (పాతవే, కొత్తవి పంపేవాళ్ళెవరూ లేరు). అలాంటి ఫోన్‌కు బ్యాటరీ ఉబ్బింది. వెనక మూత లేచి బూరెలా తయారైంది. పక్క మంచం కాక చూశాడు. ఆయన జగిత్యాల వైపు మనిషి. నాకు వరసేమీ కాకపోయినా, జ్వరమొస్తే గంజి కాచి ఇచ్చేది ఆయనే.

"అరే పిలగా, గా ఫోను ఉబ్బుతున్నది గదరా, అవుతల పారేయ్!"

"గాలి పట్టిందంతే కాకా. బరువు పెడితే దిగిపోద్ది."

ఉబ్బినదాన్ని అణచాలన్నదే నాకు తెలిసిన సైన్సు. శుక్రవారం సెలవు. కాక పొద్దున్నే స్నానం చేసి, అలమరలో దేవుడి పటం ముందు ఊదుబత్తి వెలిగించి, దండం పెట్టుకుని, ఆర్పి వంటకు వెళ్ళాడు. నేను పటం కింది అరలో ఫోన్‌ను చార్జింగుకు పెట్టి, దానిమీద ఇరవై కిలోల బియ్యం సంచి ఎత్తిపెట్టి, నిశ్చింతగా స్నానానికి పోయాను.

ఒంటినిండా సబ్బుతో ఉండగా కేకలు వినిపించాయి. తువ్వాలు చుట్టుకుని పరుగెత్తాను. గదినిండా గొంతు కోసే నల్లటి పొగ. ఒకడు కంగారులో లబన్ మజ్జిగ గిన్నె ఎత్తి పోశాడు. చివరికి వాచ్‌మన్ ఇసుక పోసి ఆర్పాడు. అలమర, పటం, బియ్యం, దాని కింద పేలిన నా ఫోన్ అన్నీ మాడిపోయాయి. క్యాంపు బాస్ వచ్చి ఊదుబత్తి పుల్ల పట్టుకున్నాడు.

"అగర్‌బత్తీ కిస్‌కా హై?"

"నాదే సాబ్. గని ఆర్పిన, ఒట్టు!" అంటూ కాక నావైపు చూశాడు. నేను సబ్బు నురగ పడినట్టు కళ్ళు మూసుకున్నాను. బాస్ "ఖలాస్!" అని తేల్చేశాడు. మర్నాడే కాకను సనాబిస్ క్యాంపుకు మార్చారు. నేను ఒక్కసారీ అటు వెళ్ళలేదు. తర్వాత జ్వరమొచ్చినప్పుడు బ్రెడ్డు తిని పడుకున్నాను.

పదిహేనేళ్ళయింది. ఊళ్ళో స్థిరపడిన కాక నంబరు సంపాదించి మొన్న శుక్రవారం ఫోన్ చేసి, ఆనాడు జరిగిందంతా చెప్పాను.

"అంటే... నేను ఆర్పినట్టేనా?" అన్నాడు. "ఇన్నేండ్లు నా మీద నాకే అనుమానంరా. ఇంట్ల ఊదుబత్తి ముట్టిస్తే, పూరాగ కాలేదాక దాని ముందటనే కూసుంట. మా ఇంటామె ఒకటే నవ్వుడు."

"నన్ను తిట్టు కాకా."

"ఏం తిట్టాల్రా, గప్పుడు నువ్వు పోరనివి. ఇగ రేపటి సంది ముట్టిచ్చి లేచి నా పనికి నేను పోత తీ!"

ఫోన్ పెట్టేశాక, తువ్వాలు చుట్టుకుని కళ్ళు మూసుకున్న ఆ పోరణ్ణి తలచుకుంటే నవ్వొచ్చింది. ఇప్పుడు నేను ఫోర్‌మన్ని, గది నా ఒక్కడిదే. ఎందుకు నవ్వుతున్నావని అడగడానికి పక్కన మంచం లేదు.