పిడుగు మింగే ఫ్యానుకు కావలి

పత్తికొండ అవతల, చెట్టూ చేమా లేని గట్టు మీద గాలిమరలు లేచిన ఏడు గోపన్నకు కంపెనీ యోగం పట్టింది. ఊరివాళ్లు ఫ్యాను అనే ఆ మరల్లో ఒకదాన్ని నిలబెట్టడానికి తన మెట్టచేను ఇచ్చినందుకు, కంపెనీవాళ్లు అతనికి వాచ్‌మెన్ ఉద్యోగమూ ఒక ఈలా దయచేశారు. చేను పండిన ఏడు అరుదు. ఈల మాత్రం ఊదినప్పుడల్లా పలికేది. అది పోతే అతనికి వేరే బతుకు లేదు. ఆ సంగతి అతనికీ తెలుసు, కంపెనీకీ తెలుసు.

ఉద్యోగానికి ఒకటే శాసనం. మబ్బు పడితే మర దగ్గర ఒక్క ప్రాణిని కూడా ఉండనివ్వరాదు. ఇంజనీరు అజయ్ కారణం కూడా వివరించాడు. రెక్క కొసన ఉన్న లోహపు బిళ్ల పిడుగును పట్టుకుంటుంది, అది తీగ గుండా మరను మోసే కంబం దిగి నేలలోకి పోతుంది, మరకేమీ కాదు. అయితే నేలలోకి దిగింది చుట్టూ పాకుతుంది, దగ్గర నిలబడ్డవాళ్ల ప్రాణం తీస్తుంది. గోపన్న మొదటి సగం భక్తిగా విన్నాడు. రెండో సగం వచ్చేసరికి, మొదటి సగాన్ని ఊళ్లో ఎలా చెప్పాలా అనే ఆలోచనలో పడ్డాడు.

టీ అంగడి ముందు చెప్పాడు. "మన ఫ్యాను పిడుగును మింగుతాది. ఊర్లో యాడన్నా పడొచ్చు గానీ, దాని కింద నిలబడినోనికి భయమే లేదు."

పిడుగు శాస్త్రంలో అంతటి పండితుడు ఆ చుట్టుపక్కల లేడు కాబట్టి అందరూ నమ్మారు. అందరికన్నా ముందు అతని భార్య భీమమ్మ నమ్మింది.

భీమమ్మకు గొర్రెల మంద ఉంది. గట్టు మీద నీడ అంటే కంబం నీడే. ఎండవేళ గొర్రెలు ఆ సన్నటి నీడలో వరసగా తలలు దించుకుని నిలబడేవి. నీడ జరిగితే వరసా జరిగేది. అజయ్ వచ్చే వేళకు గోపన్న వాటిని అవతలి వాలుకు తోలించేవాడు.

దసరా పోయిన వారం, సాయంత్రం మబ్బు కమ్మింది. అజయ్ సిబ్బందితో జీపెక్కి, గోపన్ననూ ఎక్కించుకుని గట్టు దిగిపోయాడు. వెనక సీట్లోంచి గోపన్నకు కనబడింది: భీమమ్మ మందను కంబం వైపు తోలుతోంది. ఈల నోటి దాకా వచ్చింది. ఊదితే ఆ గొర్రెలు ఎవరివో సారుకు తెలిసిపోతుంది. పైగా ఫ్యాను పిడుగును మింగుతుందని చెప్పింది తానే. ఈల దించేశాడు.

ఫ్యాను పిడుగును మింగింది. మాట తప్పలేదు. వెనకబడ్డ గొర్రెపిల్ల కోసం వాలు దిగిన భీమమ్మ బతికింది. కంబం చుట్టూ మూగిన మంద మూగినట్టే పడిపోయింది.

తెల్లారి అజయ్ వచ్చి రెక్కను దుర్భిణితో పరీక్షించాడు. కొసన నల్లమచ్చ తప్ప ఏ లోపమూ లేదు. రక్షణ ఏర్పాటు దివ్యంగా పనిచేసిందని పైవాళ్లకు ఫోన్లో శుభవార్త వినిపించి, ఆ తర్వాత కిందికి చూశాడు.

"ఎవరివి గోపన్నా ఇవి? ఎవరు రానిచ్చారు?"

భీమమ్మ అక్కడే ఉంది. కళేబరాలు తీయడానికొచ్చిన కూలిమనిషి అనుకున్నాడు అజయ్. ఆమె మొగుడి మొహంకేసి చూస్తోంది. అతను నేలకేసి చూశాడు.

"ఎవురివో సార్. రావద్దని శానాసార్లు చెప్పినా. వినలేదు."

ఉద్యోగం నిలిచింది. పైవాళ్లు చూడడానికి వస్తారు, మధ్యాహ్నానికల్లా శుభ్రం చేయించమన్నాడు అజయ్. కంబం దగ్గర మాత్రం గుంత తీయొద్దన్నాడు. కింద రాగి పట్టీలున్నాయి, వాటికి దెబ్బ తగలరాదు.

జీపు వెళ్లిపోయాక భీమమ్మ ఒక గొర్రెను కాళ్లు పట్టుకుని వాలుకు ఈడవసాగింది. గోపన్న వంగి చెయ్యి వేయబోయాడు.

"వదులప్పా," అంది, దారిన పోయేవాడితో అన్నట్టు. "ఎవురివో గొర్రెలు. నీకెందుకు?"

అతను వదిలాడు. ఆమె పోతూ వస్తూ ఒక్కొక్కదాన్నీ ఈడ్చుకుపోతుంటే, కంబం దగ్గర కావలి నిలబడ్డాడు.