గిటారు మీద ప్రధానం చీర

ఇన్నేళ్ళుగా గుండెల మీద కుంపటి మోస్తున్నాను. మీరెవరో నాకు తెలీదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నిజానికి చెప్పాల్సింది మా అక్కకి.

తొంభైల చివర్లో రాజమండ్రిలో సౌండ్ బాక్సులు చేసే షాపులో పనిచేసేవాణ్ణి. స్పీకర్ పెట్టెలకి రెక్సినూ, గుడ్డా అతికించడం నా పని. బుడగ రాకుండా, మూలల్లో ముడత పడకుండా అతికిస్తానని నాకు పేరుండేది. ఆ పేరే కొంప ముంచింది. నా కొంప కాదులెండి, అక్క కొంప.

అక్కకి మా చర్చిలో గిటారు వాయించే సుధీర్‌తో ప్రధానం, అదే నిశ్చితార్థం, అయింది. వాళ్ళమ్మ ఉప్పాడ నుంచి తెప్పించిన చిలకపచ్చ జాందానీ చీర, ఒళ్ళంతా వెండి జరీ మామిడిపిందెలు, అందరి ముందూ అక్క భుజాన వేసింది. చర్చి ఆడవాళ్ళంతా దాన్ని పట్టుకు చూసినవాళ్ళే. కొన్నాళ్ళకి వాళ్ళకి ఇంకో పెద్ద సంబంధం తగిలింది. అంతే, మాది వద్దన్నారు. మాలో సంబంధం చెడితే పెట్టిన చీర తిరిగిచ్చెయ్యాలి. అక్క ఏడవలేదు. చీర మడతపెట్టి, సంచిలో పెట్టి, వాళ్ళింట్లో ఇచ్చేసి రమ్మని నా చేతికిచ్చింది.

నేను ఇవ్వలేదు. వాళ్ళ గుమ్మమెక్కి, ఇదిగోండి మీ చీర అని చేతులు కట్టుకు నిలబడాలా? ఒళ్ళు మండిపోయింది. పట్టుకెళ్ళి షాపులో ప్లైవుడ్ ముక్కల వెనక పడేశాను. ఇంటికొచ్చి ఇచ్చేశానన్నాను. మాట తప్పింది వాళ్ళు కాబట్టి చీరేదని వాళ్ళూ అడగలేదు.

ఏడాది తిరక్కుండా అక్కకి కాకినాడ సంబంధం కుదిరింది. వంటింట్లో మళ్ళీ పాటలు పాడుకోవడం మొదలెట్టింది. సరిగ్గా అప్పుడొచ్చాడు సుధీర్, మా షాపుకి. ఎక్కడో సెకండ్ హ్యాండులో కొన్న ఎలక్ట్రిక్ గిటారు, పెయింటంతా పెచ్చులు లేచిపోయింది. స్పీకర్ పెట్టెకి అతికించినట్టే దీనికీ మెరిసే గుడ్డ ఏదైనా అతికించాలట. పనిలో పనిగా నవ్వాడు, "ఏంటి బావమరిదీ, ఇంకా కోపమేనా?" అని.

బావమరిది! ప్రధానం తెంపుకుపోయిన నోటితో! ఆయ్, కోపమేంటండీ, ఆదివారానికి ఇచ్చేస్తానన్నాను. మాలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదువుతారు, అభ్యంతరాలుంటే చెప్పమని. ఆ ఆదివారమే అక్క పెళ్ళి ప్రకటన మొదటిసారి చదువుతారు.

తీగలు విప్పి, బోల్టులు తీసి మెడ ఊడదీశాను. పాత పెయింటు ఉప్పుకాగితంతో గీకేశాను. చీర పరిచి కత్తెరేశాను. నిజం చెప్పొద్దూ, కడుపు నిండినట్టయింది. మామిడిపిందెలు సరిగ్గా వాడి రొమ్ము మీదకొచ్చేలా గుడ్డ పరిచి, జిగురు మీద మధ్యనుంచి అంచులకి బొటనవేలితో నొక్కుకుంటూ పోయాను. ఆరాక వార్నిషు, పూత మీద పూత. చిలకపచ్చ కాస్తా ముదురాకుపచ్చయింది. పిందెలు మాత్రం దాగలేదు. దాగకూడదనే కదా నా ఏడుపంతా. వాడు చూసి అదిరిందన్నాడు. ఆ గుడ్డ ఏంటో వాడికి గుర్తే రాలేదు. అది చూసి నాకు పగ రెట్టింపైంది.

అక్క ప్రకటన చదువుతుంటే వాడు ఆ చీర మెళ్ళో వేలాడేసుకుని నిలబడాలి, తిరిగొచ్చిన ప్రధానం చీరని గిటారుకి చుట్టుకున్నాడు సిగ్గులేనోడని ఆడవాళ్ళు వాడి మొహాన ఉమ్మెయ్యాలి. అదీ నా ఆలోచన. వాళ్ళు గుర్తుపట్టారు. వాణ్ణి ఏమీ అనలేదు. అక్క వంక చూశారు. చాటుగా వాడికే చీర ఇచ్చుకుందంటే ఇంకా మనసు వాడి మీదే ఉందన్నమాట అని గుసగుసలు. మనవాళ్ళు ఇలాగే అనుకుంటారని నాకు తెలీదా? తెలుసు. మరి ఎందుకు తట్టలేదు? వాడి మొహం తప్ప నా కళ్ళకి ఇంకేం ఆనలేదు.

ప్రకటన వినడానికొచ్చిన కాకినాడ పెళ్ళికొడుకు మేనత్తగారు మధ్యాహ్నం మా ఇంటికొచ్చారు. మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు.

"బాబూ, ఆ గిటారు పని నువ్వే చేశావంట. ఆ చీర ఎక్కడిదయ్యా?"

"అతనే తెచ్చాడండి."

"అతని దగ్గరికెలా వెళ్ళింది?"

అక్క నా వంక చూసింది. ఆ చూపులో భయం లేదు. తమ్ముడున్నాడు కదా, చెబుతాడన్న ధీమా.

"సంబంధం చెడినప్పుడు నేనే తిరిగిచ్చానండి. అతని చేతికే."

అప్పుడు కూడా వాణ్ణి ఇరికించడమే చూసుకున్నాను. ఆవిడ తిన్నగా సుధీర్ వాళ్ళమ్మ దగ్గరికెళ్ళారు. ఆ చీర తమ గడప తొక్కలేదని వాళ్ళమ్మ బైబిలు పట్టుకుని చెప్పింది. నిజమే కదా. వాడేమో ఎవరడిగినా నవ్వి ఊరుకున్నాడట. ఒక ఆడపిల్ల తనకోసం కుమిలిపోతోందంటే వాడికి తియ్యగానే ఉంటుంది మరి. ఇక అందరికీ తేలిపోయింది, చీర అక్కే ఇచ్చిందని, నేను అక్కని వెనకేసుకొస్తున్నానని.

మరుసటి ఆదివారం రెండో ప్రకటన చదవాల్సిన చోట పాస్టరు అయ్యగారు పాట నంబరు చెప్పేశారు. అక్క పుస్తకం తెరిచి పాడింది. నేను పక్కనే ఉన్నాను, దొంగకి తేలు కుట్టినట్టు.

కాకినాడ సంబంధం పోయాక అక్క మళ్ళీ పెళ్ళి మాటే ఎత్తనివ్వలేదు. కడియంలో టీచరు. వాడి మీద నా పగ మాత్రం చల్లారలేదు. గిటారు మీద గుడ్డ చెమ్మకి ఉబ్బి లేచిపోయిందని విన్నప్పుడు సంబరపడ్డాను. ఇదేం బుద్ధో నాకే తెలీదు.

మొన్న అన్నం వడ్డిస్తూ మా ఆవిడతో అంది అక్క, ఊరంతా తనని అనుమానించినా తమ్ముడొక్కడు ఉన్నదున్నట్టు చెప్పాడని. ఇంకాస్త పప్పు వెయ్యనారా అని అడిగింది. వెయ్యమన్నాను.

నేను ఇవ్వలేదక్కా. ఆ చీర వాడి చేతికి నేను ఇవ్వలేదు. కత్తెర నాది, అబద్ధం నాది.

అమ్మయ్య, అనేశాను. ఎవరికో అన్నాను. అక్కకి కాదు.