సుందరికి పాలిటీ క్లాసు

ఓదెలు చెయ్యి గొప్పతనం గురించి అశోక్‌నగర్‌లో ఓదెలు కన్నా బాగా చెప్పగలిగినవాళ్లు లేరు. "బర్రె మూతి జూసి గాదు, చెయ్యి జూసి పాలిస్తది. నా చెయ్యి తాకితే బండరాయి గూడ చేపుతది" అంటాడు. చేపడమంటే పొదుగులోకి పాలు దిగడం. స్టీలు క్యాన్లు పట్టుకొని నిలబడే మేమంతా పదిహేనేళ్లుగా ఈ మాటకి తల ఊపుతున్నాం. పాలు పోసేవాడితో వాదన పెట్టుకోకూడదని మాకు తెలుసు.

ఆయన కొట్టం ఒక కోచింగ్ సెంటర్ వెనక సందులో ఉంది. మూడు బర్రెలు, రెండు దూడలు. పొద్దున ఆరింటికి పాలు పిండి, ఏడున్నరకి బర్రెల్ని దోమలగూడ వైపు తోలుకెళ్తాడు. అక్కడ అన్నదమ్ముల కోర్టు గొడవలో ఏళ్లుగా ఖాళీగా పడున్న ప్రహరీ జాగా ఉంది. వానలకి మొలిచిన గడ్డి ఫాల్గుణం దాకా నడుస్తుంది. మధ్యాహ్నం వరకు అక్కడున్న ఒక్క వేపచెట్టు నీడ కోసం ఆయనకీ బర్రెలకీ పోటీ. ఇంటి దగ్గర భార్య రామక్క పేడ ఎత్తి, కొట్టం కడిగి, మజ్జిగ చిలుకుతూ ఆ మూడింటినీ ఆయన్నీ కలిపి ఒకే తిట్టుతో సరిపెడుతుంది. కూతురు వందన గడప మీద కూర్చొని గ్రూప్స్‌కి చదువుతుంది.

మూడింట్లో ఓదెలుకి ప్రాణం సుందరి. దాని ఒక కొమ్ము కిందికి, ఒకటి పక్కకి ఉంటుంది. పేరు మాత్రం అదే.

హోలీ వెళ్లిన నాలుగో రోజు సుందరి పాలు ఎగబట్టింది, ధార దిగనివ్వలేదు. మొదట నేరం వందన మీద పడింది, రంగు చేతులతో దూడని ముట్టిందని. తర్వాత గడ్డి మీద, ఎండకి ముదిరిందని. ఆ తర్వాత నా మీద. మొన్నొకరోజు "నురగ బాగుందే" అన్నానట. నా ఎదుటే ఉప్పూ ఎండుమిరపకాయలూ దిగదుడిచి నిప్పుల్లో వేశాడు. ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టు. సందంతా దగ్గింది. నేను నిర్దోషినని తేలింది.

ఇంకో నాలుగు రోజులకి మిగతా రెండూ సుందరి దారే పట్టాయి.

"ఏందన్నా, చెయ్యి రిపేరుకిచ్చినవా?" అంది ఎదురింటి హైమవతి. ఓదెలు వినబడనట్టు పొదుగు కడిగాడు.

రామక్క మాత్రం నవ్వలేదు. "గడ్డి అయిపాయె, పాలు అయిపాయె. ఇగ వీటికి సిటీల ఏం పని? ఉగాది నాడు మా అన్నను డీసీఎం బండి తెమ్మని చెప్పిన. ఊర్ల చెరువు కింద మేతుంది, గాడనే బతుకుతయి."

ఓదెలు ఖాళీ బకెట్టు బోర్లించాడు. బర్రెలు వెళ్లిపోతే రేపు ఏడున్నరకి ఆయన ఎవర్ని తోలుకెళ్తాడు? ఆ రోజు మాకు చెయ్యి గురించి చెప్పనే లేదు. సంగతి ముదిరిందని అప్పుడర్థమైంది మాకు.

ఉగాది ఇంకా ఐదు రోజులుందనగా కుమారస్వామి సార్ క్యాన్‌తో వచ్చారు. ఆ కోచింగ్ సెంటర్లో పొద్దున ఆరింటి బ్యాచ్‌కి పాలిటీ, అంటే రాజ్యాంగం పాఠం, చెప్పేది ఆయనే. హాలు వెనక కిటికీ సరిగ్గా కొట్టం మీదికి తెరుచుకుంటుంది. సార్ గొంతు మైకు లేకుండానే నారాయణగూడ చౌరస్తా దాకా పోతుంది. ఒక బ్యాచ్ వెళ్తే ఇంకోటి, ఇన్నేళ్లలో ఆ హాలు మూగబోయింది లేదు. ఈసారే గోడలకి రంగులు వెయ్యాలని హోలీకి మూసేశారు.

వందన ఏదో సందేహం అడిగింది. సార్‌కి సందేహం దొరికితే సందైనా హాలే.

"రాస్కోండి! ఆర్టికల్ పద్నాలుగు! చట్టం ముందు అందరూ సమానం! వెనక బెంచీ, వినబడుతుందా?"

వెనక బెంచీకి వినబడింది. సుందరి చెవులు నిలబెట్టి, కళ్లు సగం మూసి నెమరు మొదలెట్టింది. బకెట్లో చుర్రుమని ధార పడింది. సార్ పదిహేనుకి వచ్చేసరికి నురగ లేచింది.

మేం బకెట్టు వైపు చూశాం, సార్ వైపు చూశాం, చివరికి ఓదెలు చెయ్యి వైపు చూశాం.

"ఇగో, ఇప్పుడు కుదిరింది చెయ్యి" అన్నాడు ఓదెలు, ఎవరి మొహమూ చూడకుండా. రామక్క కొంగు నోట్లో కుక్కుకొని లోపలికి పరుగెత్తింది.

కానీ సార్ ఆ సాయంత్రమే కరీంనగర్ వెళ్లిపోతున్నారు, హాలు తెరిచేదాకా రారు. వందన ఫోన్లో ఆయన పాఠం పెట్టి చూసింది. ఆ సన్నగొంతుకి సుందరి తోక కూడా కదపలేదు.

తర్వాత నాలుగు రోజులూ ఓదెలు బర్రెల్ని తొందరగా తోలుకెళ్లి ఆలస్యంగా తెచ్చాడు. దోమలగూడ జాగా వాచ్‌మన్ పాలకొచ్చినప్పుడు నా చెవిలో అన్నాడు: "ఓదెలన్న గోడ దిక్కు తిరిగి ఎవర్నో తిడుతుండు సార్. జర పరేషాన్ల ఉన్నట్టుండు."

ఉగాది పొద్దున నేను వెళ్లేసరికి సందు మొదట్లో డీసీఎం ఆగి ఉంది. రామక్క అన్న దుర్గయ్య అందులో ఎండుగడ్డి పరిచి, తాళ్లు పట్టుకొని నిలబడ్డాడు. రామక్క మూడింటి నుదుటా బొట్టు పెట్టి, సుందరి దగ్గర ఆగిపోయింది. తిట్టడం కూడా మరిచిపోయింది.

ఓదెలు బకెట్టు పెట్టుకొని కూర్చున్నాడు. మూసున్న కిటికీ వైపు ఒకసారి చూసి గొంతు సవరించుకున్నాడు.

"రాస్కోండి!"

నా చేతిలో క్యాన్ మూత జారి పడింది.

"ఆర్టికల్ పద్నాలుగు! చట్టం ముందు అందరూ సమానం! ఆర్టికల్ పదిహేను! కులమని, మతమని, ఆడ మగ అని తేడా చూపొద్దు! వెనక బెంచీ, వినబడుతుందా?"

అదే దమ్ము, అదే సాగదీత, మధ్యలో సార్ దగ్గే దగ్గుతో సహా. సుందరి ఒకసారి అనుమానంగా తల తిప్పి చూసింది. తర్వాత ఎందుకొచ్చిన గొడవలే అన్నట్టు నెమరు మొదలెట్టింది. ధార పడింది.

పదిహేడు దాటేసరికి సందు నిండింది. పక్క హాస్టల్ బాల్కనీలో ఇద్దరు అలవాటుకొద్దీ నోట్సు తీశారు.

"ఆర్టికల్ ఇరవై రెండు! ప్రాణానికి, స్వేచ్ఛకి రక్షణ!"

"బాపూ, అది ఇరవై ఒకటి" అంది వందన.

"సుందరి అడిగిందా?" అన్నాడు ఓదెలు, పిండడం ఆపకుండా.

దుర్గయ్య తాళ్లు చుట్టి క్యాబిన్లో పడేశాడు. పరిచిన ఎండుగడ్డంతా కొట్టంలో దించాడు. "బావా, వీటిని తోల్కపోతే నిన్ను గూడ తోల్కపోవాలె. ఊర్ల అందరు పరీక్ష రాయాల్సొస్తది" అన్నాడు. రామక్క ఆ పాలతోనే చాయ్ పెట్టి తెచ్చింది.

"ఇగ జెప్పు, చెయ్యేనా?" అంది మొగుడికి గ్లాసు ఇస్తూ.

"చెయ్యి నాదే" అన్నాడు ఓదెలు. చాయ్ ఒక గుక్క తాగి, "సార్ జర సాయం" అన్నాడు.

ఇప్పుడు మాకు రోజూ పొద్దున ప్రాణరక్షణ ఇరవై రెండో ఆర్టికల్‌లోనే ఉంటుంది. క్యాన్లు పట్టుకొని తల ఊపుతున్నాం.