ఎకాబర్ ఒరిజినల్

ల్యాప్‌టాప్ తొడుగుకు కిటికీ పెట్టమని అడిగిన మొదటి మహానుభావుడు ఢిల్లీబాబు. ఉద్యోగం బెంగుళూరు కంపెనీలో, కాపురం తిరుపతిలో, రెంటినీ కలిపేది ఒక ల్యాప్‌టాప్. అది అలాంటిలాంటిది కాదు, కొరికిన యాపిల్ బొమ్మ ఉన్నది. దాని మీద గీత పడకుండా మెత్తటి తొడుగు కావాలన్నాడు. సంచులు కుట్టే ఏకాంబరం లోపల ఫోము వేసి, పైన నల్ల కాన్వాసు వేసి, చంటిబిడ్డకు చొక్కా కుట్టినంత శ్రద్ధగా కుట్టాడు. ఢిల్లీబాబు ల్యాప్‌టాప్‌ను అందులో దూర్చి, జిప్పు లాగి, చేత్తో పట్టుకుని దుకాణం ముందు నాలుగడుగులు అటూ ఇటూ నడిచి చూసుకున్నాడు. ముఖం వాడిపోయింది.

“ఏమప్పా, బిగువైందా?” అన్నాడు ఏకాంబరం.

“బిగువు కాదన్నా. యాపిల్ కనపడ్డం లే.”

“లోపలుండాది గదా, యాడికి పోతాది?”

“లోపలుండాదని నాకు తెలుసు. ఎదురుగా వచ్చేటోడికి తెలియాల గదన్నా!”

ఏకాంబరం ఆలోచించాడు. న్యాయమైన మాటే. కొలత చూసుకుని, తొడుగు మీద గాజంత గుండ్రం కత్తిరించి, అంచు చుట్టూ కుట్టేశాడు. పైన పారదర్శకంగా ప్లాస్టిక్ ముక్క వేస్తానంటే ఢిల్లీబాబు ఒప్పుకోలేదు, మెరుపు తగ్గుతుందట. గీత పడకుండా తొడుగు కుట్టించుకున్న మనిషి, గీత పడితే గుండె ఆగిపోయే ఆ ఒక్క చోటునే ఎండకూ దుమ్ముకూ వదిలేసి, పరమ సంతోషంగా వెళ్లిపోయాడు.

నెల తిరిగేసరికి కిటికీ తొడుగు తిరుచానూరు రోడ్డంతా పాకింది. ఒక కుర్రాడైతే ఇంకేదో కంపెనీ ల్యాప్‌టాప్ మీద యాపిల్ స్టిక్కరు అతికించుకుని వచ్చాడు. “కిటికీ కొంచిం సిన్నదిగా పెట్టన్నా, అంచులు లేస్తా ఉండాయి” అని చెవిలో చెప్పాడు. ఏకాంబరం చిన్నదిగానే పెట్టాడు. పెళ్లిచూపుల్లో పిల్ల మెల్లకన్ను కనపడకుండా ఓ పక్కగా కూర్చోబెట్టిన పెద్దమనిషిలా, ఆ రహస్యాన్ని కడుపులో దాచుకున్నాడు.

ఆయన దుకాణం జిరాక్స్ అంగడి పక్కన, ఒక మిషనూ ఒక స్టూలూ పట్టేంత గది. మొదట్లో కొండకు వచ్చే వాళ్ల సంచులకు తెగిన చేతులు అతికేవాడు. కాలేజీలు పెరిగాక ల్యాప్‌టాప్ సంచుల్లో పడ్డాడు. పన్నెండేళ్లుగా వాటికి బట్టలు కుడుతున్నా, ఒక్కసారి కూడా ఒక్క ల్యాప్‌టాప్ మూత తెరిచి చూసిన పాపాన పోలేదు. పొడవు, వెడల్పు, మందం, బరువు, అంతవరకే ఆయన చదువు. కానీ ఎవరు ఏది ఎందుకు కొంటారో ఆయనకు తెలిసినంతగా, అవి తయారుచేసేవాళ్లకు కూడా తెలిసి ఉండదు.

కాలేజీ కుర్రాళ్లలో డెల్ వాళ్లకు హెచ్‌పీ వాళ్లంటే చిన్నచూపు. హెచ్‌పీ వాళ్లకు లెనోవా వాళ్లంటే జాలి. లెనోవా వాళ్లు ఎవరినీ పట్టించుకోకుండా, ఉన్నదాంట్లో తృప్తిగా ఉన్నట్టు ముఖం పెడతారు. అందరూ కలిసి ఆయన దుకాణం ముందు నిలబడి, పొలం గట్టు తగాదాలో అన్నదమ్ముల్లా అరుచుకుంటారు. ఆ గట్టుకు ఇరువైపులా సాగయ్యేది ఒకే పంట, పక్కవాడి ల్యాబు రికార్డు చూసి రాసుకోవడం.

ఇక మీటల కింద ఎర్రగా, పచ్చగా, నీలంగా లైట్లు వెలిగేవి ఒక జాతి. మూత తీస్తే బ్రహ్మోత్సవాలే. బరువు రాయంత, చార్జరు ఇటుకంత. సంచుల బెల్టులు తెంపేది వీళ్లే కనక ఏకాంబరం ఇంట్లో పొయ్యి వెలిగేది కూడా వీళ్ల వల్లే. సివిలు చదివే ఒకడు, వంతెనల డిజైనుకు అది లేకపోతే కుదరదని నాయన చేత కొనిపించుకున్నాడు. నాలుగేళ్లయింది. వంతెన లేవలేదు కానీ, తుపాకుల ఆటలో శత్రువులెవరూ మిగల్లేదని వాడే చెప్పాడు.

ఉద్యోగస్థుల సంగతి వేరు. వాళ్లది నల్లగా, నిమ్మళంగా, మూలన కంపెనీ చీటీ అతికించి ఉంటుంది. “ఏదప్పా ఇది?” అంటే, “కంపెనీ ఇచ్చింది” అంటారు. అత్తగారు పెట్టిన చీర గురించి కోడలు చెప్పే గొంతు అది. నచ్చలేదనలేరు, పారేయలేరు, నలుగురిలోకీ అదే కట్టుకుపోవాలి.

వీళ్లెవరి లెక్కలోకీ రాని మనిషి పంకజాక్షి. కాలేజీలో లెక్కలు చెబుతుంది. ఆమె ల్యాప్‌టాప్ మూత కీలు ఊడితే రబ్బరు బ్యాండుతో కట్టుకుంది.

“ఏ కంపెనీదమ్మా?” అని ఏకాంబరం ఒకసారి అడిగాడు.

“పేరు చెరిగిపోయిందప్పా. ఆన్ అవతాది.”

ఆమె శిష్యులు ఆమె వెనక నవ్వుకుంటారు. ఆమె దిద్దిన పేపర్లలో వాళ్లకొచ్చే మార్కులు చూసి ఆమె నవ్వుకుంటుంది.

ఇన్ని పేర్ల సందట్లో తన భర్త పేరు కూడా ఒకటి ఉండాలని తోచింది మోహనకు. ఐదేళ్ల కిందటి మాట. కార్వేటినగరం పక్క పల్లె పిల్ల, బడి ముఖం చూడలేదు. బ్యాంకులో వేలిముద్ర వేసేది.

“డెల్లుకి పేరుండాది, యాపిల్‌కి పేరుండాది, ఆ ఇటుకరాళ్ల చార్జర్లకి కూడా పేర్లుండాయి. పొద్దస్తమానం కుట్టే నీకు మాత్రం పేరు లేదా?” అని, ఏకాంబరం ఓటరు కార్డు ముందు పెట్టుకుని, తెల్ల టేపు ముక్క మీద ఎర్రదారంతో, గొలుసు కుట్టుతో, ఇంగ్లీషు అక్షరాలు చూసి చూసి కుట్టింది. తెల్లారి తెచ్చి చేతిలో పెట్టింది.

పేరు మధ్యలో ఎం అక్షరం ఎగిరిపోయింది. చివరి రెండక్షరాలకు టేపు చాలలేదు. ఏకాంబరం కాస్తా ఎకాబర్ అయి కూర్చున్నాడు. మొదటి ‘ఈ’ అక్షరానికి మూడు అడ్డగీతలుండాల్సిన చోట నాలుగున్నాయి. బి అక్షరానికి కింది పొట్ట పెద్దది.

“ఏమ్మే, నా పేర్లో సగం యాడ పెట్టినావు?”

“టేపు సాల్లే. మిగతా సగం నువ్వుండావు గదా.”

ఏకాంబరం పడీపడీ నవ్వాడు. అంతటితో ఆగకుండా, పక్కనున్న జిరాక్స్ ఆదిమూలానికి చూపించి అతన్నీ నవ్వించాడు. ఆ పూటంతా మోహన సూది ముట్టలేదు. మరునాటి నుంచి ఏకాంబరం సుద్దతో అక్షరాలు గీసివ్వడం, ఆమె ఆ గీతల మీద కుట్టడం. అలా తప్పుల్లేని లేబుళ్లు చాలా కుట్టింది. ఆ మొదటిది వృథా ఎందుకని, ఆ రోజు తయారైన సంచిలోనే లోపలి అంచుకు వేసి అమ్మేశాడు. ఎవరికి అమ్మాడో గుర్తు లేదు.

మోహన పోయి మూడేళ్లయింది. జ్వరమన్నారు, వారం రోజులు కూడా పట్టలేదు. కుట్టిన లేబుళ్లు ఊరగాయ సీసాలో మిగిలాయి. ఆయన ఇంక ఏ సంచికీ వాటిని వేయలేదు. అయినా సీసా నిండుతూనే వచ్చింది. అది జనం దయ. పాత సంచి జిప్పుకో బెల్టుకో తెచ్చిన ప్రతివాడూ, “అన్నా, ఆ ఏకాంబరం అనేది తీసెయ్, బాగలే” అనేవాడు. కొందరైతే తాము కొనుక్కొచ్చిన పేరున్న కంపెనీ లేబులిచ్చి, అదే చోట కుట్టమనేవాళ్లు.

“దాందేముందప్పా, కూలి కూడా వద్దులే” అని ఏకాంబరం బ్లేడుతో ఒక్కొక్క పోగూ కోసి, భద్రంగా సీసాలో వేసుకునేవాడు. ఆయన పేరంటే ఊరికి ఎంత నామోషీగా ఉంటే, ఆయన భార్య అంత త్వరగా ఇల్లు చేరేది. లేబులు తీయద్దన్నది పంకజాక్షి ఒక్కతే. “ఉండనీలే, నా దగ్గర పేరున్న వస్తువు అదొక్కటే” అంది.

కానీ ఆయనకు కావలసింది ఆ మొదటిది. మిగతావన్నీ తను గీసిన గీతల మీద ఆమె సూది నడిచినవి. అదొక్కటే ఆమె రాసింది. పుట్టిన దగ్గర్నుంచి ఆమె రాసిన అక్షరాలు ఆ ఆరే. అందుకే ఏ సంచి వచ్చినా, తెగింది ఏమిటో చూడకముందే తిరగేసి లోపలి అంచు తడిమేవాడు.

ఒక మధ్యాహ్నం మునికుమార్ అనే ఇంజనీరింగు నాలుగో సంవత్సరం కుర్రాడు జిప్పు పోయిన సంచి తెచ్చాడు. తిరగేస్తే ఉంది. నాలుగు గీతల ‘ఈ’. పొట్ట బి.

ఏకాంబరం దాన్ని బొటనవేలితో తడిమాడు. “ఈ సంచి యాడిది సామీ?”

“అది సంచి కాదన్నా, ఎకాబర్.”

“అంటే?”

“ఎకాబర్ తెల్దా? ఇటలీ కంపెనీ. మా సీనియర్ ఎంతో బతిమాలితే అమ్మినాడు. హాస్టల్లో ఇంగెవురికీ లేదు.”

“ఇది నేను కుట్టిందే అప్పా. ఏకాంబరం, నా పేరు. నా పెండ్లాం లేబులు కుట్టింది, అక్షరాలు తప్పిపోయినాయి.”

మునికుమార్ పొట్ట పట్టుకుని నవ్వాడు. “అట్లనా! అయితే ఆ యాపిల్ కంపెనీ మదనపల్లిలో మా మామ పెట్టిందేలే. టమోటా బొమ్మ వెయ్యబోయి తప్పేసినాడు!”

“నెట్లో కొట్టి సూడు నాయనా, ఇటలీలో ఉండాదేమో.”

“సూసినాన్లే. యాడా రాలే. నెట్లో దొరికేదైతే అందరి దగ్గరా ఉంటాది గదన్నా, ఇంగ దానికేం విలువ?”

ఏకాంబరం వాదన మాని బేరంలోకి దిగాడు. ఆ లేబులొక్కటీ ఇస్తే కొత్త సంచి కుట్టి ఇస్తానన్నాడు. కిటికీ కూడా పెడతానన్నాడు. మునికుమార్ కళ్లు చిన్నవయ్యాయి.

“సూసినావా, ఒరిజినలని నీకూ తెలిసిపోయింది! ఇవ్వనన్నా.” అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “డూప్లికేటు లేబుళ్లు కొట్టగలవా? మా వాళ్లు పది అడగతా ఉండారు. జిప్పుకి ఎట్లాగూ సంచి పెట్టిపోతా. మాదిరి సూసుకో. ఒరిజినల్ మాత్రం బద్రం.”

మూడు రోజుల గడువు పెట్టి పోయాడు.

ఏకాంబరం ముందు మిషను మీద కుట్టి చూశాడు. అక్షరాలు బడి పిల్లల్లా తిన్నగా నిలబడ్డాయి. మోహనవి సంతలో జనంలా ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. సూది పట్టుకున్నాడు. ముప్ఫై ఏళ్లు మిషను తొక్కిన మనిషికి చేతికుట్టు లొంగలేదు. వేళ్లు తూట్లు పడ్డాయి. పైగా చెయ్యి అలవాటు కొద్దీ, మొదటి ‘ఏ’ అక్షరం అవగానే ‘ఎం’ పెట్టబోయేది. విప్పేవాడు, మళ్లీ కుట్టేవాడు.

పక్క అంగడి నుంచి ఆదిమూలం తొంగి చూసి, “ఏమబ్బా, నీ పేరు నువ్వే తప్పు రాస్తా ఉండావు?” అన్నాడు.

“ఆర్డరు” అన్నాడు ఏకాంబరం.

రెండో రోజు, కుట్టు నడక తెలియాలని అసలుదాన్ని సంచి నుంచి విప్పి వెనక్కి తిప్పాడు. చివరి అక్షరం పక్కన, టేపు అంచున, దారం లేని సూది బెజ్జాలు వరసగా ఉన్నాయి. వెలుతురుకు పెట్టి చూశాడు. సగం ‘ఏ’ అక్షరం. ఆమె ఆ అక్షరం మొదలుపెట్టింది. చోటు చాలదని చూసి విప్పేసింది. పేరు సగంలో ఆగిందని ఆయన నవ్వకముందే ఆమెకు తెలుసు. తెలిసే, పొద్దున్నే తెచ్చి చేతిలో పెట్టింది.

ఆ పూట ఆయన ఇంకేమీ కుట్టలేదు. జిప్పులకు వచ్చినవాళ్లను రేపు రమ్మన్నాడు.

మూడో రోజు పది కాదు, పదకొండు కుట్టాడు. పదకొండోదాన్ని టీ నీళ్లలో ముంచి, ఎండబెట్టి, మిషను నూనె చెయ్యి కాస్త తగిలించి, మునికుమార్ సంచిలో పాత కుట్టు బెజ్జాల్లోనే వేశాడు. తన పేరును తనే తప్పుగా రాసి, తన సరుకుకు తనే నకిలీ చేసి, తన వస్తువును తనే దొంగిలించిన మనిషికి ఏ సెక్షను పడుతుందో ఆయనకు తెలియదు. ఆ సాయంత్రం కుర్రాడి చెప్పుల చప్పుడు వినపడగానే మాత్రం అసలుదాన్ని గబగబా జేబులో దోపుకున్నాడు.

మునికుమార్ పది లేబుళ్లూ బల్ల మీద పరిచాడు. సంచి తిరగేసి, లోపలిదాని పక్కన ఒక్కొక్కటీ పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు.

“బాగనే కుట్టినావన్నా. కానీ సూడు” అని సంచిలోని లేబులు మీద వేలు పెట్టాడు. “ఈ ఫినిషింగు నీకు రాలే. ఆ ‘ఈ’ సూడు, ఆ లైను సూడు. ఇటలీ ఇటలీనే.”

అది ఆ మధ్యాహ్నం, సంగటి తిన్న తర్వాత ఏకాంబరం కుట్టినది.

“నిజమే సామీ, మనకి యాడొస్తాది” అన్నాడు ఏకాంబరం.

అసలుదాన్ని ఆయన సీసాలో వేయలేదు. మిషను మీద కప్పే గుడ్డకు, ముందువైపు, పదిమందికీ కనపడేలా కుట్టుకున్నాడు.

కొన్నాళ్లకు ఢిల్లీబాబు మళ్లీ వచ్చాడు. కొత్త మోడలు కొన్నాడు. దానికి యాపిల్ ఒక వేలెడు పక్కకు జరిగిందట, పాత కిటికీలో సగమే కనపడుతోందట. కొత్త తొడుగు కొలతలిస్తూ మిషను గుడ్డ వైపు చూసి ఆగిపోయాడు.

“ఎకాబర్! పిల్లోళ్ల సంచులకి సూసినా. వాళ్లు మిషన్లు కూడా చేస్తారా అన్నా?”

ఏకాంబరం నవ్వి కొలత రాసుకున్నాడు.

“ఇది ఒరిజినలేనా?”

“ఒరిజినలే.”

“అయితే నాకొకటి తెప్పిచ్చి పెట్టన్నా. ఎంతైనా సరే.”

ఏకాంబరం సుద్ద తీసుకుని, నల్ల కాన్వాసు మీద కిటికీకి గుండ్రం గీసుకున్నాడు.

“ఆ మాలు ఇప్పుడు రావడం లేదప్పా” అన్నాడు.